అంగారకుడి మీద పుట్టువెంట్రుకలు

"సార్, సైన్సు కథలు రాయాలంటే ముందు ఏం చదవాలి?" అని ఈమధ్య పిల్లలు ఫోన్లు చేస్తున్నారు. అందరూ ఇంజినీరింగు చదివినవాళ్ళు, నాకంటే సైన్సు బాగా తెలిసినవాళ్ళు. నేనేమో మద్రాసులో ఒక తెలుగు వారపత్రికలో ప్రూఫులు దిద్దడానికి చేరి, సబ్ ఎడిటరుగా రిటైరైన మనిషిని. వంటల శీర్షిక చూశాను, రాశిఫలాలు చూశాను. జ్యోతిష్కుడు జ్వరంతో పడుకున్న వారం రాశిఫలాలు నేనే రాశాను, ఆ వారం అన్ని రాశులవాళ్ళకూ శుభవార్తే. వీటన్నిటి సందుల్లో దొరికిన జాగాలో సైన్సు కథలు రాశాను.

జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కుర్చీలోంచి ఏ కుర్చీలోకి మారాను అన్నవి ఇక్కడ రాయను. అవి మా ఇంట్లోవాళ్ళే వినలేదు, మీకెందుకు? ఈ పనిలో నాకు నిజంగా బుద్ధి చెప్పిన నాలుగు సంగతులు మాత్రం చెబుతాను. పనికొస్తే ఉంచుకోండి, లేకపోతే పారేయండి.

అరవంలో చదివి తెలుగులో చెప్పడం

మాది తమిళనాడులో తిరుత్తణి దగ్గర పొదటూరుపేట, నేతగాళ్ళ వీధి. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, బస్సెక్కితే అరవం. మా వాళ్ళందరూ పొద్దస్తమానం తెలుగే మాట్లాడతారు గానీ, చదవమంటే అరవ పేపరే చేతికి తీసుకుంటారు. నేను తెలుగు బడిలో చదివాను కాబట్టి నాకు రెండూ వంటబట్టాయి.

తిరుత్తణి బస్టాండు దగ్గర ఒక అద్దె పుస్తకాల అంగడి ఉండేది. అరవ నవలలు గుట్టలు గుట్టలుగా పడి ఉండేవి. వాటిలో హత్యలూ ప్రేమలూ పోను ఎప్పుడో ఒకటి సైన్సు కథ తగిలేది. చంద్రుడి మీద గనులు, మాట వినని యంత్రాలు, నిన్నటికి తిరిగి వెళ్ళే బండ్లు. అవి చదివిన రోజు నాకు అన్నం సయించేది కాదు. ఆ పిచ్చి ఇప్పటికీ వదల్లేదు, వదలాలని నేనూ అనుకోలేదు.

చదివింది ఎవరికైనా చెప్పకపోతే కడుపుబ్బరం. చెప్పడానికి నాకు దొరికిన చోటు పడుగు దగ్గర. నేత ఊళ్ళు చూడనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులన్నిటినీ వీధి పొడవునా సాచి గంజి పెడతారు. ఎండ ముదిరేలోగా అయిపోవాలి. అందుకని ఇరుగుపొరుగంతా వచ్చి అటొక వరుస, ఇటొక వరుస నిలబడి దువ్వుతారు, తెగిన పోగులు ముడేస్తారు. చేతులకు పని, చెవులు మాత్రం ఖాళీ. నేను అరవంలో చదివిన కథను తెలుగులోకి మార్చుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ చెప్పేవాణ్ణి.

అందరూ వినేవాళ్ళు, మా సరోజక్క తప్ప. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచి పెద్దచేసింది అక్కే. నేను రాకెట్టును సరిగ్గా చంద్రుడి మీదికి దించే సమయానికి అవతలి వరుసలోంచి ఆమె గొంతు వినిపించేది.

"ఒరే దొరసామీ, ఆ చంద్రుడు యాడికీ పోడు గానీ, ఈడ పోగు తెగిండాది చూడు!"

వీధి వీధంతా నవ్వేది. రాకెట్టు గాల్లోనే ఉండిపోయేది. లోకంలో ఎవరు విన్నా వినకపోయినా, అక్క మాత్రం నా కథ ఒక్కటి మొదలునుంచీ చివరిదాకా వినాలి అన్న పంతం నాకు ఆ పడుగు పక్కనే పట్టుకుంది. పత్రికలో నా పేరు అచ్చయిన తర్వాత కూడా, నిజం చెప్పాలంటే, నా ఆశ అదొక్కటే.

రాబర్టుకు ఆకలి లేదు

మా ఎడిటరు గుంటూరు వైపు మనిషి. పత్రిక ఆయనదే కాబట్టి ఆయనకు రిటైర్మెంటు లేదు. మంచివాడు, నోరు మాత్రం పెద్దది. ఒకసారి డిటెక్టివు సీరియల్ రాసే ఆయన తన కూతురి పెళ్ళి హడావుడిలో పడి భాగం పంపలేదు. ఎడిటరుగారు నన్ను పిలిచారు.

"ఏవయ్యా దొరస్వామీ, నాలుగు పేజీలు ఖాళీ. నువ్వెప్పుడూ గ్రహాలూ గాడిదగుడ్డూ అంటుంటావుగా, ఏదో ఒకటి రాసి పట్రా."

నా సాహిత్య ప్రవేశం అట్లా జరిగింది. అప్పటికి తిరువళ్ళూరులో కాపురం పెట్టాను, రోజూ ఎలక్ట్రిక్ ట్రైనులో మద్రాసు సెంట్రల్‌కు వెళ్ళి వచ్చేవాణ్ణి. ఆ ట్రైనులోనే ఒళ్ళో సంచి పెట్టుకుని రాశాను. హీరో పేరు రాబర్టు, హీరోయిన్ జూలీ. వెండిరంగు బట్టలు. గాజు గోడలు. నేను చదివిన కథల్లో అంతరిక్షానికి పోయేవాళ్ళ పేర్లు అట్లాగే ఉండేవి మరి. సుబ్రమణ్యం అనేవాడు రాకెట్టు ఎక్కగలడని నాకు తోచనే లేదు.

ఆదివారం పూట ఆ కాగితాలు పట్టుకుని పొదటూరుపేటకు పోయాను. అక్క తెలుగు చదవలేదు కాబట్టి నేనే చదివి వినిపించాలి. రెండు పేజీలు విన్నది.

"ఆ రాబర్టు రాకెట్టు ఎక్కి ఎన్నాళ్ళాయె?"

"ఆరు నెలలక్కా."

"ఇంతవరకూ అన్నం తిన్నట్టు నువ్వు చెప్పలేదే."

"అక్కడ అన్నం ఉండదు. మాత్రలు మింగుతారు."

"ఆరు నెలలు మాత్రలా! అయ్యో, పావం. మజ్జిగన్నా తీసకపోకూడదా?"

"మజ్జిగ అక్కడ గిన్నెలో నిలవదక్కా. గాల్లో తేలిపోతుంది."

"మూత పెట్టుకోమను," అని లేచి వంటింట్లోకి పోయింది.

తర్వాత అన్నాలు, అన్నాల తర్వాత పక్కింటి పంచాయితీ, ఆ తర్వాత నా బస్సు. కథ సగంలోనే ఆగింది. మిగతాది చదవడానికి పై ఆదివారం మళ్ళీ పోయాను. అప్పుడూ ఏదో అడ్డం వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ట్రైనులో కూర్చుని ఆలోచిస్తే అక్క మాటలో పస ఉందని ఒప్పుకోక తప్పలేదు. అంత పెద్ద రాకెట్టు కట్టాను గానీ అందులో వంటిల్లు కట్టలేదు. మీరు ఎంత దూరపు గ్రహమైనా రాసుకోండి, అక్కడ మనిషి పొద్దున లేచి ఏం తింటాడు, బట్టలు ఎక్కడ ఆరేస్తాడు అన్నది మీకు తెలియకపోతే ఆ గ్రహం మీద ఎవరూ దిగరు.

లోపల ఎవరు?

పత్రికలో బొమ్మలు వేసే మణి అరవాయన. ఆయనకు తెలుగు అక్షరం రాదు. అందుకని ప్రతి వారం టీ అంగట్లో కూర్చుని కథంతా అరవంలో చెప్పాలి, అప్పుడే బొమ్మ వేస్తాడు. మొదట్లో ఇదో శిక్ష అనుకున్నాను. కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించాను. కథ బాగుంటే నేను చెబుతుండగానే మణి పెన్సిలు కదిలేది. బాగా లేకపోతే పెన్సిలు చెవిమీదికి పోయేది.

ఒకసారి ఒక అంతరిక్ష కేంద్రాన్ని టీ చల్లారిపోయేదాకా వర్ణించాను. మణి పెన్సిలు చెవిమీదే ఉంది.

"సార్, ఎల్లాం సరి. ఉళ్ళ యారు ఇరుక్కా?" అన్నాడు. అంతా బాగానే ఉంది, లోపల ఎవరున్నారు అని.

లోపల నిజంగానే ఎవరూ లేరు. నేను కేంద్రం అందాలు చూసుకుంటూ మనుషుల్ని పెట్టడం మరిచిపోయాను. ఆ వారం మణి తనంతట తానే కేంద్రం కిటికీలో ఒక దండెం గీసి, దానిమీద గళ్ళ లుంగీ ఆరేశాడు. ఎడిటరుగారు చిందులు తొక్కారు, "ఇది అంతరిక్షమా, మీ వీధి డాబానా?" అని. పాఠకులు మాత్రం ఆ లుంగీ ఎవరిదని అడుగుతూ ఉత్తరాలు రాశారు. దానికోసం పై వారం ఒక మనిషిని పుట్టించాల్సి వచ్చింది. ఆ సీరియల్లో జనానికి నచ్చింది అతనొక్కడే.

కథ రాసేముందు ఎవరికైనా నోటితో చెప్పండి. తెలివైనవాళ్ళని మీరు అనుకునేవాళ్ళకు వద్దు, వాళ్ళు మొహమాటానికి తలూపుతారు.

దెయ్యాన్ని తీసేసిన పాపం

"సైన్సు అంటే జనం పారిపోతారయ్యా. మధ్యలో ఓ దెయ్యాన్ని పెట్టు," అని ఎడిటరుగారి ఆజ్ఞ. నేను నాలుగు రోజులు మొండికేశాను, అయిదో రోజు పెట్టాను. పాడుబడ్డ అబ్జర్వేటరీలో తెల్లచీర దెయ్యం. అది తిరిగిన వారాలన్నీ పత్రిక బ్రహ్మాండంగా పోయింది. చివరి భాగంలో నా సైన్సు బుద్ధి ఊరుకోలేదు. దెయ్యం గియ్యం ఏమీ లేదు, అద్దాల మీద పడిన వెలుతురు అది అని తేల్చేశాను. లెక్కంతా సరిగ్గా కుదిరింది, నాకు చెప్పలేనంత గర్వం.

పాఠకులు నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. "అన్ని వారాలు మా ఇంట్లో మనిషిలాగా తిరిగిన దెయ్యాన్ని వెలుతురంటావా?" అని ఒకావిడ రాసింది.

ఇందులో తప్పు ఎవరిది అంటే ఇప్పటికీ ఇద్దరిదీ అనే అంటాను. ఎడిటరుగారు నమ్మకం లేకుండా దెయ్యాన్ని పెట్టమన్నారు, నేను ప్రేమ లేకుండా పెట్టాను. పెట్టినవాడు తీసేయకూడదు, తీసేసేవాడు పెట్టకూడదు. సైన్సు విషయంలో మాత్రం రాజీ వద్దు. గురుత్వాకర్షణను మీ కథ కోసం వంచారంటే, తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

సెవ్వాయి మీద బిడ్డ

రిటైరవడానికి ఇంక ఎన్నాళ్ళో లేదనగా ఆఖరి సీరియల్ మొదలుపెట్టాను. అంగారక గ్రహం మీద జనం కాపురాలు పెట్టారు, మన పొదటూరుపేట ఆడపిల్ల ఒకతె అక్కడ నీళ్ళు శుభ్రంచేసే ప్లాంటులో ఉద్యోగం చేస్తుంది. ఈసారి రాబర్టు లేడు, మాత్రలు లేవు. రసం కూడా కాచారు. ఈసారి అక్క ఎట్లా లేస్తుందో చూద్దామనుకున్నాను.

కనకమ్మ సత్రం దాటేదాకా బస్సులో మళ్ళీ ఒకసారి చదువుకుని, తిరుత్తణిలో బస్సు మారి, అక్క ముందు కూర్చున్నాను. అక్క ఇప్పుడు నేయడం లేదు. పక్కింట్లో పవర్లూములు మోగుతుంటాయి, మనమే కొంచెం గొంతు పెంచాలి.

"ఆ పిల్లకు బిడ్డ పుట్టిందక్కా, అంగారకుడి మీద."

"యాడ?"

"కుజుడు. మనవాళ్ళు సెవ్వాయి అంటారే, ఆ గ్రహం మీద."

అక్క గుండెమీద చెయ్యేసుకుంది. "సెవ్వాయి దోషం ఉండే గ్రహమా! దాని మీదనే బిడ్డను కన్నాదా? రేపు ఆ బిడ్డకు జాతకం ఎట్లా కడతారురా? దోషం ఉందా లేదా అని చూసేదానికి ఆ గ్రహమే పైన ఉండదు గదా, కాళ్ళకిందుంటే!"

నేను పడీపడీ నవ్వాను. అక్క నవ్వలేదు.

"సరే, అది ఇడ్సు. పుట్టెంట్రుకలు యాడ తీస్తారు? మన ఇండ్లల్లో అందురికీ తిరుత్తణి కొండ మీదనే గదా."

దానికీ నవ్వాను. అంతలోనే పాలామె వచ్చింది, అక్క లేచింది, కథ ఆగింది.

తిరుగు ప్రయాణంలో తిరువళ్ళూరు వచ్చేసరికి నా నవ్వు ఆగిపోయింది. అంగారకుడి మీద బరువు ఇక్కడి బరువులో మూడోవంతుకంటే కొంచెం ఎక్కువ, అంతే. అక్కడ పుట్టి పెరిగిన బిడ్డ ఎముకలు భూమి మీద నిలబడలేవు. కొండకు తీసుకురావడం కుదరదు. మొక్కు తీరేదాకా తల్లి జుట్టు తీయనివ్వదు. బిడ్డ పెరుగుతుంది, జుట్టూ పెరుగుతుంది. ఒకనాటికి ఆ జుట్టుమీద హెల్మెట్టు పట్టదు. హెల్మెట్టు లేకుండా గడప దాటితే ప్రాణం పోతుంది. కత్తిరించమని కమాండరు, వీల్లేదని తల్లి. అమ్మో! అక్క ఒక్క మాటలో నా చేతిలో కథ పెట్టింది. నేను ఇన్నాళ్ళూ ఊళ్ళో ఉన్నవన్నీ ఊళ్ళోనే వదిలేసి రాకెట్టు ఎక్కుతున్నాను.

ఎడిటరుగారు వినగానే, "మొక్కుబడులైతే భక్తి పేజీలో వేద్దాంలేవయ్యా," అన్నారు. హెల్మెట్టు సంగతి చెప్పాను. చేతిలో ఉన్న ప్రూఫు పక్కన పెట్టారు. తర్వాత, "ఆ పిల్ల చివరికి ఏం చేసింది?" అన్నారు. ఆయన నోటినుంచి అంత చిన్న గొంతు వినడం అదే మొదలు.

చివరికి ఏం చేసిందో నాకూ తెలియదు. ఏదో ఒకటి కుదిర్చాను. అక్కడి నుంచి భూమి నీలిచుక్కలాగా కనబడుతుంది, ఆ చుక్కవైపు బిడ్డను తిప్పి కుర్చీలో కూర్చోబెట్టి, తల్లి దండం పెట్టుకుని, యంత్రంతో జుట్టు తీయించింది. రాసినప్పుడు నా కళ్ళే చెమర్చాయి. అక్క దగ్గరికి పరుగెత్తాను.

కుర్చీ

"కుర్చీలోనా?" అంది అక్క.

"అవునక్కా. మెత్తని కుర్చీ."

"ఏందిరా నువ్వు మాట్లాడేది! మేనమామ యాడ? మేనమామ ఒళ్ళో గదా కూర్చోబెట్టల్ల? నా కొడుకుని ఎవురు కూర్చోబెట్టుకున్యారు? నువ్వు గాదా? కొత్త పంచె తడిపేసినాడని కొండంతా వినబడేట్టు అరిచినావే!"

సిగ్గుతో చచ్చిపోయాను. నేను ఒక మేనమామను. కొండ మీద ఆ బిడ్డను ఒళ్ళో కుదురుగా పట్టుకోవడానికి నేను పడిన పాట్లు నాకు బాగా గుర్తు. కుజుడి మీద రాళ్ళ రంగు దాకా చదువుకుని రాసినవాణ్ణి, మేనమామను మరిచిపోయాను. ఇలాంటి తప్పు మన వైపు వాడే చేయాలి, మన వైపు వాళ్ళే పట్టుకోవాలి. ఆ రోజు కూడా అక్క, "ముందు మామను తీసకరా, ఆమీద చూస్తాం," అని లేచిపోయింది.

కథ తిరగరాశాను. పిల్లకు ఒక తమ్ముణ్ణి పుట్టించాను, పేరు మునుస్వామి. అత్తిమంజేరిపేట రూటులో బస్సు కండక్టరు. మద్రాసు దాటి ఎరగడు. అక్క బిడ్డకు ఒళ్ళు కావాలని అంగారకుడికి బయలుదేరతానంటాడు. డాక్టరు పరీక్షలో తప్పుతాడు, మళ్ళీ వెళ్తాడు, మళ్ళీ తప్పుతాడు, చివరికి గట్టెక్కుతాడు. "ఎందుకయ్యా నీకు అంతరిక్షం?" అని అధికారులు అడిగితే, "బిడ్డకు మొట్ట కొట్టాల సార్," అంటాడు. మొట్ట అంటే మా వైపు గుండు. పోవడానికే గానీ తిరిగి రావడానికి టికెట్టు లేదు. అయినా పోతాడు. ఈ భాగం మణికి చెబుతుంటే నేను ఆపేదాకా పెన్సిలు ఆగలేదు.

చివరి భాగం అచ్చుకు పోయేలోగా నేను రిటైరయ్యాను. ఒక శాలువా, రెండు ఉపన్యాసాలు, ఒక బూందీ పొట్లం. మర్నాడే ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని పొదటూరుపేట బస్సెక్కాను.

మధ్యాహ్నం. అక్క గోడకానుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను చదవడం మొదలుపెట్టాను. మునుస్వామి రాకెట్టు దిగాడు. కాళ్ళు తేలిపోతున్నట్టుంటే గోడ పట్టుకుని నడిచాడు. పాలామె వచ్చింది. అక్క చెయ్యెత్తి, "ఉండు పాపా, కూచో," అంది. పాలామె గడపమీదే కూర్చుండిపోయింది. పక్కింటి పవర్లూములకు కరెంటు పోయింది, వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది, నా గొంతు నాకే పెద్దగా వినబడుతోంది. బిడ్డ మామ గడ్డం పట్టుకుని లాగింది. మామ ఒళ్ళో కూర్చుంది. వెంట్రుకలు నేలమీద పడడానికి అక్కడ కొంచెం ఎక్కువసేపు పడుతుంది. అవి నెమ్మదిగా దిగుతుంటే బిడ్డ చేతులు చాపి పట్టుకోబోయింది.

అయిపోయింది. తలెత్తి చూశాను. అక్క లేవలేదు. ఎక్కడికీ పోలేదు.

"బిడ్డ ఏడ్చలేదు గదా?" అంది.

"లేదక్కా."

"మామ ఒళ్ళో ఉంటే ఎందుకు ఏడుస్తాది," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పాలామె కూడా ముక్కు చీది, పాలు పోసి పోయింది.

నాకు ఆనందం పట్టలేదు. బడిపిల్లాడిలాగా అడిగేశాను. "అక్కా, ఇన్నేండ్లలో ఒక్క కథా చివరిదాకా వినలేదే నువ్వు. ఇది అంత బాగుందా?"

"అన్నీ బాగానే ఉండాయిరా. పడుగు కాడ చెప్పేటివి గూడా బాగానే ఉండె."

"మరి ఎప్పుడూ మధ్యలో లేచిపోతావే!"

అక్క నన్ను చూసిన చూపుకు, నేను ఇంకా గంజి చెంబు మోసే పిల్లవాణ్ణే.

"కథ అయిపోతే నువ్వు సంచి తగిలించుకోని బస్సుకు పోతావు. మళ్ళా ఇంగో కథ రాసేదాకా ఈ పక్కకు రావు. సగంలో లేస్తే, మిగిలింది చదివేదానికి పై ఆదివారం వస్తావు గదా. అందుకని లేస్తా ఉంటిని."

వారం వారం పాఠకులను ఎట్లా రప్పించుకోవాలా అని నా ఉద్యోగమంతా తలబద్దలు కొట్టుకున్నాను. నన్ను ఒకరు అట్లా రప్పించుకుంటున్నారని ఏనాడూ అనుమానం రాలేదు.

"మరి ఈరోజు ఎట్లా కూర్చున్నావు?" అని అడిగాను.

"ఇంగ ఉద్యోగం లేదు గదా నీకు. కథ ఉన్నా లేకపోయినా రావొచ్చు గదా. అందుకని, సరే, ఇది ఎట్లా అయిపోతాదో ఇందామని కూచున్యా."

వీధి చివర తిరుత్తణి బస్సు హారన్ కొట్టింది. ఎప్పుడూ ఆ హారన్ వినగానే చెప్పులు వెతుక్కునేవాణ్ణి. కాగితాలు మడిచి సంచిలో పెట్టి, సంచిని లోపలి గదిలో మేకుకు తగిలించి వచ్చి, అక్క పక్కన గోడకానుకుని కాళ్ళు చాపుకున్నాను.

"సాయంత్రానికి ఏం చేస్తావక్కా?" అన్నాను.

"నీకేం కావల్లో చెప్పు," అంది.